టర్బోకు కళ్ళెం

హౌరాలో బర్ధమాన్ వైపు వెళ్ళే లోకల్ రైలు ఎక్కితే, ఉత్తరపారా దాటగానే వచ్చే స్టేషను పేరు హింద్ మోటర్. రైల్వే స్టేషనుకు ఒక కార్ల కర్మాగారం పేరు ఉండటం మన దేశంలో అరుదు. కోల్‌కతా వీధుల్లో పసుపుపచ్చ టాక్సీలుగా తిరిగిన అంబాసిడర్లు అక్కడే తయారయ్యేవి. 2014 మే నెలలో ఆ కర్మాగారంలో ఉత్పత్తి ఆగిపోయింది. దాన్ని నడిపిన హిందుస్థాన్ మోటార్స్ సంస్థే కాంటెస్సా అనే మరో కారును కూడా తయారుచేసింది. 1984లో మొదలై 2002 దాకా సాగిన ఆ కారుకు చివరి సంవత్సరాలలో ఇసుజు వారి 2 లీటర్ల డీజిల్ ఇంజను, ఆపైన అదే ఇంజనుకు టర్బో తగిలించిన రకం వచ్చాయి. ఆ రోజుల్లో కారు వెనక ‘టర్బో’ అన్న అక్షరాలు కనబడితే జనం ఆగి చూసేవాళ్ళు. ఇప్పుడు అది విశేషం కాదు. 2013లో పోలో జి.టి. టి.ఎస్.ఐ., 2014లో టాటా జెస్ట్, 2017లో నెక్సాన్ వచ్చాక చిన్న పెట్రోలు కార్లలో కూడా టర్బో మామూలైపోయింది.

అయితే టర్బో ప్రస్తావన రాగానే కార్ల గురించి రాసేవాళ్ళూ, మాట్లాడుకొనేవాళ్ళూ సాధారణంగా అడిగేది ఒకటే ప్రశ్న: ‘బూస్టు ఎంత?’ బయటి గాలి పీడనం కంటే ఇంజనులోకి వెళ్ళే గాలి పీడనం ఎంత ఎక్కువ ఉందో దాన్ని బూస్టు అంటారు. అర బార్ అంటే పరవాలేదనీ, ఒక బార్ అంటే బ్రహ్మాండమనీ ఒక లెక్క స్థిరపడిపోయింది. ఈ వ్యాసం ఆ లెక్క మీద విమర్శ. పీడనం పుట్టించడం టర్బోకు తేలిక. ఎక్కడ ఆపాలో దానికి నేర్పడమే కష్టం. టర్బో కారు గుణదోషాలను ఈ రెండో పనిని బట్టి తేల్చాలని నా వాదన. ఆ కొలబద్దతో అరవయ్యేళ్ళ చరిత్రలోంచి కొన్ని యంత్రాలను తీసుకొని, ఒక్కొక్కదాన్నీ పరీక్షించి చూద్దాం.

వదిలేస్తే ఏమవుతుంది?

ముందు మూలసూత్రం చూద్దాం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలును ఎంత కావాలంటే అంత పంపవచ్చు. గాలి విషయంలో ఆ వీలు లేదు. పిస్టను కిందికి దిగినప్పుడు బయటి వాతావరణం ఎంత గాలిని లోపలికి నెడితే అంతే దొరుకుతుంది. ఇంజను శక్తికి అసలు హద్దు గాలి దగ్గరే ఉంది.

ఇంకోవైపు, ఇంధనంలోని శక్తిలో దాదాపు మూడో వంతు వేడి పొగగా గొట్టంలోంచి బయటికి పోతుంది. ఆ పొగతో ఒక చిన్న టర్బైనును తిప్పి, అదే ఇరుసు రెండో చివర ఒక కంప్రెసరును పెట్టి, గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపితే? ఈ ఆలోచనకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లో పేటెంటు తీసుకున్నాడు. నేటి కారు టర్బోలో ఆ చక్రాలు నిమిషానికి లక్ష, రెండు లక్షల సార్లు తిరుగుతాయి.

ఇక్కడొక చిక్కుంది. గాలి ఎక్కువగా వెళ్తే పొగ ఎక్కువవుతుంది. పొగ ఎక్కువైతే టర్బైను మరింత వేగంగా తిరుగుతుంది. అప్పుడు గాలి ఇంకా ఎక్కువగా వెళ్తుంది. ఫలితం తిరిగి కారణాన్నే పెంచే ఇలాంటి ఏర్పాటును ధన పునర్నివేశం అంటారు. సభలో మైకును స్పీకరు ముందుకు తెస్తే చెవులు చిల్లులు పడేలా కూత వస్తుంది కదా, అది కూడా ఇదే. మైకు విషయంలో చెవులు మూసుకుంటే సరిపోతుంది. ఇంజనుకు ఆ సౌకర్యం లేదు.

హద్దు దాటితే మూడు ప్రమాదాలున్నాయి. మొదటిది, టర్బో చక్రాలు తట్టుకోగల వేగం మించిపోవడం. రెండోది, పొగ వేడికి కవాటాలు, పిస్టన్లు దెబ్బతినడం. మూడోది పెట్రోలు ఇంజనుకు ప్రధాన శత్రువైన నాకింగు. ప్లగ్గు వెలిగించిన మంట సిలిండరులో క్రమంగా వ్యాపించాలి. పీడనం, వేడి మితిమీరితే మంట ఇంకా చేరని మూలల్లోని మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా పేలుతుంది. సుత్తితో కొట్టినట్టు శబ్దం వినిపిస్తుంది. ఆ దెబ్బలు కొనసాగితే పిస్టను పైభాగం విరుగుతుంది, కరుగుతుంది.

బూస్టు అంకె దాచేది ఏమిటి?

‘ఒక బార్ బూస్టు అంటే గాలి రెట్టింపు, శక్తీ రెట్టింపు’ అని చాలామంది అనుకుంటారు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంతోనే ఈ నమ్మకాన్ని పరీక్షించవచ్చు.

కోల్‌కతాలో మే నెల మధ్యాహ్నం. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్, అంటే 313 కెల్విన్. పీడనం సుమారు ఒక బార్. ఈ గాలిని కంప్రెసరు రెండు బార్లకు ఒత్తుతుంది. అంటే బూస్టు ఒక బార్. సైకిలు పంపు కొడుతుంటే దాని అడుగు వేడెక్కుతుందని మీకు తెలుసు. ఇక్కడ జరిగేదీ అదే. ప్రక్రియ ఆదర్శ స్థిరోష్ణకమైతే ఉష్ణోగ్రత 1.22 రెట్లై 382 కెల్విన్‌కు చేరాలి. అంటే పెరుగుదల 69 డిగ్రీలు. కానీ ఏ కంప్రెసరూ ఆదర్శవంతం కాదు. దాని దక్షత 70 శాతం అనుకుంటే పెరుగుదల 98 డిగ్రీలు అవుతుంది. బయటికి వచ్చే గాలి ఉష్ణోగ్రత 411 కెల్విన్, అంటే 138 డిగ్రీల సెల్సియస్.

ఇప్పుడు సాంద్రత చూడండి. పీడనం రెండు రెట్లైంది. పరమ ఉష్ణోగ్రత 313 నుంచి 411కి పెరిగింది. కాబట్టి సాంద్రత 2 × 313 ÷ 411, అంటే 1.52 రెట్లే. పీడనం వంద శాతం పెరిగితే గాలి పెరిగింది 52 శాతం. మిగిలినదంతా వేడి మింగేసింది. అందుకే కంప్రెసరుకూ ఇంజనుకూ మధ్య ఇంటర్‌కూలర్ అనే చల్లబరిచే పెట్టెను పెడతారు. అది గాలిని 60 డిగ్రీలకు దించగలిగితే సాంద్రత 1.88 రెట్ల దాకా పెరుగుతుంది. గమనించండి, బూస్టు మీటరు రెండు సందర్భాల్లోనూ ఒకటే అంకె చూపిస్తుంది.

అదే కారును జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో, ఇంటర్‌కూలర్ లేకుండా, అదే బూస్టుతో నడిపితే? పై పద్ధతిలోనే లెక్క కట్టండి. మే మధ్యాహ్నం కంటే దాదాపు 9 శాతం ఎక్కువ గాలి ఇంజనులోకి వెళ్తుంది. ఇక వర్షాకాలంలో గంగాతీరపు ఉక్కపోత సంగతి ఉండనే ఉంది. ఆ గాలిలోని అణువుల్లో నూటికి మూడు నాలుగు నీటి ఆవిరివే. వాటి పీడనం మీటరులో కలుస్తుంది గానీ అవి పెట్రోలును మండించవు.

కాబట్టి బూస్టు అంకె ఒక లక్షణం మాత్రమే. జ్వరం ఎంతుందో చెప్పే థర్మామీటరు జబ్బు పేరు చెప్పదు కదా! ఇంజనుకు కావలసింది గాలి ద్రవ్యరాశి. దాన్ని భయపెట్టేది నాకింగు. పీడనం ఈ రెండింటికీ దూరపు బంధువు.

వేస్ట్‌గేట్ అనే అలుగు

పీడనాన్ని ఆపటానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది ప్రెషర్ కుక్కరు మార్గం. ఒత్తిడి ఎక్కువైతే బరువు లేచి ఆవిరి బయటికి పోతుంది. ఇంజనుకు వెళ్ళే గొట్టం మీద కూడా అలాంటి కవాటం పెట్టవచ్చు. కానీ కష్టపడి ఒత్తిన గాలిని పారబోస్తున్నాం. పైగా కవాటం తెరుచుకున్నా టర్బైను వేగం తగ్గదు. ఇది ఫలితాన్ని ఆపుతుంది, కారణాన్ని ఆపదు.

రెండో మార్గం కారణాన్నే ఆపుతుంది. టర్బైనుకు చేరకముందే కొంత పొగను పక్కదారి పట్టిస్తుంది. ఆ పక్కదారికి ఉన్న తలుపే వేస్ట్‌గేట్. దీన్ని ‘వ్యర్థ ద్వారం’ అని మాటకు మాట అనువదిస్తే అర్థం తలకిందులవుతుంది. అనువాదకుడిగా నేనైతే ‘అలుగు’ అనే మాట వైపు మొగ్గుతాను. చెరువు నిండాక కట్ట తెగకుండా మిగులు నీరు పొర్లిపోయే చోటును తెలంగాణలో అలుగు అనీ, కొన్ని ప్రాంతాల్లో కలుజు అనీ అంటారు. అలుగు మీదుగా పోయే నీటిని రైతు వ్యర్థం అనుకోడు. కట్ట నిలిచిందంటే ఆ నీటి చలవే.

సాదా వేస్ట్‌గేట్ నిర్మాణం చాలా సులభం. ఒక చిన్న డబ్బాలో సాగే పొర, దాని వెనక ఒక స్ప్రింగు, పొర నుంచి తలుపు దాకా ఒక కడ్డీ. కంప్రెసరు నుంచి ఒక సన్నని గొట్టం డబ్బాలోకి వస్తుంది. పొర వ్యాసం 5 సెంటీమీటర్లు, బూస్టు అర బార్ అనుకోండి. వైశాల్యం సుమారు 19.6 చదరపు సెంటీమీటర్లు. బలం 98 న్యూటన్లు, అంటే దాదాపు 10 కిలోల బరువు. ఆ బలం స్ప్రింగును ఓడించగానే తలుపు తెరుచుకుంటుంది. పొగ పక్కకు మళ్ళుతుంది, టర్బైను నెమ్మదిస్తుంది, బూస్టు తగ్గుతుంది. తగ్గగానే తలుపు మూసుకుంటుంది. ఇదే ఋణ పునర్నివేశం. ఏ విద్యుత్తూ, ఏ కంప్యూటరూ లేకుండా యంత్రం తనను తాను అదుపు చేసుకుంటోంది. ఈ అందాన్ని మెచ్చుకోవలసిందే.

అయితే లోపాలున్నాయి. స్ప్రింగు ఒక్కసారిగా లొంగదు. తలుపు అనుకున్న పీడనానికి ముందే కొద్దికొద్దిగా తెరుచుకోవడం మొదలుపెట్టి, టర్బో ఊపందుకోవటాన్ని ఆలస్యం చేస్తుంది. అంతకంటే పెద్ద లోపం, దానికి తెలిసింది పీడనం ఒక్కటే. గాలి వేడిగా ఉందా, పెట్రోలు నాణ్యత ఎలా ఉంది, ఇంజను బాధపడుతోందా అన్నవి దానికి పట్టవు.

ఒకే ఇంట్లో ఇద్దరు

1962లో అమెరికాలోని జనరల్ మోటార్స్ రెండు టర్బో కార్లను వీధిలోకి తెచ్చింది. మామూలు జనం కొనుక్కొనే కార్లలో టర్బో రావడం అదే మొదలు. ఒకటి షెవ్రొలే కార్వేర్ మోంజా స్పైడర్. రెండోది ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్. కంపెనీ ఒకటే అయినా కళ్ళెం విషయంలో వీటి దారులు పూర్తిగా వేరు.

కార్వేర్‌లో వేస్ట్‌గేట్ లేదు. గాలి వచ్చే కార్బురేటరు దారిని, పొగ పోయే దారిని తగినంత ఇరుకు చేసి, ఎంత తొక్కినా బూస్టు హద్దు దాటకుండా చూశారు. వాకిలి ఇరుకుగా కట్టి దొంగలు రారని ధీమాగా ఉండటం లాంటిది ఇది. చెడిపోవటానికి కదిలే భాగమే లేదు కాబట్టి నమ్మదగినదే. కానీ ఆ ఇరుకు అవసరమైనప్పుడూ అవసరం లేనప్పుడూ ఒకేలా ఉంటుంది. పై వేగాల్లో ఇంజనును కాపాడేందుకు పెట్టిన అడ్డు అన్ని వేళలా శ్వాసను బిగబడుతుంది.

జెట్‌ఫైర్ దీనికంటే తెలివైనది. 3.5 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను, సుమారు మూడోవంతు బార్ బూస్టు, 215 అశ్వశక్తి. దానికి వేస్ట్‌గేట్ ఉంది. సంపీడన నిష్పత్తిని మాత్రం 10.25 దగ్గరే ఉంచారు. టర్బో ఇంజనుకు ఇది చాలా ఎక్కువ. మరి నాకింగు? దానికోసం నీరు, మెథనాల్ కలిపిన ద్రవాన్ని బూస్టు వచ్చినప్పుడల్లా గాలిలోకి చిమ్మే ఏర్పాటు చేశారు. ద్రవం ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది. భౌతికశాస్త్రం ప్రకారం లోపం లేని ఉపాయం. తొట్టి ఖాళీ అయితే బూస్టును తగ్గించే రక్షణ కూడా ఉంది.

చిక్కు మనిషి దగ్గర వచ్చింది. పెట్రోలుతోపాటు ఇంకో ద్రవాన్ని నింపుతూ ఉండాలన్న సంగతి చాలామంది యజమానులు పట్టించుకోలేదు. తొట్టి ఖాళీగా ఉండేది, కారు మందకొడిగా నడిచేది, ఫిర్యాదులు వచ్చేవి. చివరికి చాలా కార్లలో టర్బోను తీసేసి మామూలు కార్బురేటరు బిగించారు. 1963తో ఆ రకం ఆగిపోయింది. పదివేల లోపే తయారయ్యాయి.

జెట్‌ఫైర్‌ను వైఫల్యం అని కొట్టిపారెయ్యడం తొందరపాటు. అది సరైన శత్రువును గుర్తించింది. పీడనంతో కాక నాకింగుతో పోరాడింది. కానీ ఆ పోరాట భారాన్ని వాడేవాడి జ్ఞాపకశక్తి మీద పెట్టింది. వీధిలో తిరిగే యంత్రానికి అది తగదు.

అద్దంలో అక్షరాలు, సిలిండరులో చెవి

1973లో జర్మనీ కంపెనీ బి.ఎం.డబ్ల్యు. 2002 టర్బో అనే కారును ప్రదర్శించింది. 2 లీటర్ల ఇంజనుకు 170 అశ్వశక్తి. ముందు భాగంలో ‘2002 టర్బో’ అనే అక్షరాలను తిరగేసి రాయించారు. ముందు వెళ్తున్న డ్రైవరు తన అద్దంలో వాటిని సరిగ్గా చదివి దారి ఇవ్వాలన్నమాట! దాని మీద జర్మనీలో పెద్ద దుమారమే లేచింది. అదే ఏడాది చమురు సంక్షోభం వచ్చింది. ఇంచుమించు 1,670 కార్లు తయారయ్యాక అది ఆగిపోయింది. ఆ ఇంజను స్వభావం కూడా అక్షరాల లాంటిదే. నాకింగు భయంతో సంపీడన నిష్పత్తిని 6.9కి తగ్గించారు. దాంతో తక్కువ వేగాల్లో నీరసంగా ఉండి, నిమిషానికి నాలుగు వేల చుట్ల దగ్గర ఒక్కసారిగా విరుచుకుపడేది. పందెపు బాటలో అది వినోదం. మలుపులో తడి రోడ్డు మీద అది ప్రమాదం. శక్తి ఉంది, క్రమం లేదు.

1977లో స్వీడన్ కంపెనీ సాబ్ తెచ్చిన 99 టర్బో దీనికి మంచి జవాబు. వాళ్ళు పెద్ద అంకెల జోలికి పోలేదు. చిన్న టర్బోను తీసుకున్నారు. చిన్నది కాబట్టి తక్కువ పొగతోనే తిరగడం మొదలుపెడుతుంది. పై వేగాల్లో దానికి మోయలేనంత పొగ వస్తుంది. అప్పుడు వేస్ట్‌గేట్ తెరుచుకొని మిగులును పక్కకు పంపుతుంది. అంటే వేస్ట్‌గేట్ ఇక్కడ ప్రమాద నివారణ పరికరంగా మిగిలిపోలేదు, డిజైనుకు కేంద్రమైంది. అలుగు ఉందన్న ధైర్యంతోనే వాళ్ళు చెరువును త్వరగా నిండేటట్టు కట్టగలిగారు.

సాబ్ ఇంకో అడుగు వేసింది. 1982 నమూనా కార్లలో ఎ.పి.సి. అనే ఏర్పాటు వచ్చింది. దీని వెనక ముఖ్యుడు పెర్ యిల్‌బ్రాండ్ అనే ఇంజనీరు. ఇంజను దిమ్మెకు ఒక సెన్సరు బిగించారు. అది నాకింగు ప్రకంపనలను వింటుంది. వినబడగానే ఒక విద్యుత్ కవాటం వేస్ట్‌గేట్ డబ్బాకు వెళ్ళే పీడనాన్ని మార్చి బూస్టును తగ్గిస్తుంది. నాకింగు లేకపోతే బూస్టును మళ్ళీ పెరగనిస్తుంది. బంకులో పెట్రోలు నాసిరకమైనా, గాలి వేడెక్కినా ఇంజను తనకు ఎంత నప్పుతుందో తానే చెబుతుంది.

ఈ మార్పు ఎంత పెద్దదో గమనించండి. అంతకుముందు కళ్ళెం స్ప్రింగు చేతిలో ఉండేది. స్ప్రింగు అడిగే ప్రశ్న: ‘పీడనం ఎంత?’ ఎ.పి.సి. అడిగే ప్రశ్న: ‘నొప్పిగా ఉందా?’ నేను పరీక్షించిన యంత్రాలలో అందరికంటే ఎక్కువ మార్కులు దీనికే వేస్తాను. సాబ్ కార్ల కంపెనీ 2011లో దివాలా తీసింది. ఆ ప్రశ్న మాత్రం నేటి టర్బో పెట్రోలు కార్లన్నిటిలో బతికే ఉంది.

డీజిల్ దారి వేరు

ఇప్పుడు కాంటెస్సా వంటి డీజిల్ కార్ల వైపు రండి. డీజిల్ ఇంజను ఒట్టి గాలినే ఒత్తుతుంది. ఇంధనం చివరి క్షణంలో చిమ్ముతుంది. కనుక పెట్రోలు ఇంజనులా మిశ్రమం ముందే పేలే భయం లేదు. దాని హద్దులు వేరు: సిలిండరు తట్టుకోగల గరిష్ఠ పీడనం, పొగ వేడి, టర్బో వేగం. గాలి చాలకపోతే నల్లపొగ వస్తుంది. కాబట్టి డీజిల్‌కు టర్బో సహజ మిత్రుడు. పొగ వేడి తక్కువ కావటం మరో అనుకూలత.

ఆ అనుకూలత వల్లనే వేస్ట్‌గేట్ కంటే సొగసైన కళ్ళెం డీజిల్‌కు దొరికింది. టర్బైను చుట్టూ చిన్న రెక్కలు అమర్చి వాటి కోణాన్ని మారుస్తారు. పొగ తక్కువ ఉన్నప్పుడు రెక్కలు దగ్గరపడి సందును ఇరుకు చేస్తాయి. వేలితో గొట్టం మూతిని నొక్కితే నీరు దూరంగా చిమ్మినట్టు పొగ వేగంగా తగులుతుంది. పొగ ఎక్కువైతే రెక్కలు తెరుచుకుంటాయి. పక్కదారి అక్కర్లేదు, పొగను వదులుకోనక్కర్లేదు.

మన రోడ్ల మీదే దీనికి ఉదాహరణ ఉంది. మారుతి కార్లలో ఏళ్ళపాటు వచ్చిన 1,248 ఘన సెంటీమీటర్ల ఫియట్ డీజిల్ ఇంజనును తీసుకోండి. మామూలు టర్బోతో స్విఫ్ట్‌లో అది సుమారు 75 అశ్వశక్తి ఇచ్చేది. కదిలే రెక్కల టర్బోతో ఎర్టిగా వంటి కార్లలో 90 దాకా ఇచ్చేది. సిలిండర్లు అవే, పిస్టన్లు అవే.

మరి పెట్రోలు కార్లన్నిటికీ ఈ రెక్కలు ఎందుకు పెట్టరు? పెట్రోలు పొగ వేడి 950 డిగ్రీలు, అంతకు పైన కూడా ఉంటుంది. ఆ వేడిలో సన్నని రెక్కలు కదులుతూ నిలవాలంటే ఖరీదైన లోహాలు కావాలి. 2006లో పోర్షె 911 టర్బోలో అది సాధ్యమైంది. మామూలు కార్లలో చాలావాటికి ఇప్పటికీ వేస్ట్‌గేటే దిక్కు.

కోల్‌కతా నుంచి డార్జిలింగ్‌కు

కళ్ళెం నాణ్యతను పరీక్షించటానికి పశ్చిమ బెంగాల్‌లోనే మంచి బాట ఉంది. కోల్‌కతా దాదాపు సముద్రమట్టంలో ఉంది. డార్జిలింగ్ రెండు వేల మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం సుమారు 0.8 బార్.

టర్బో లేని కారు అక్కడికి వెళ్తే శక్తిలో ఇంచుమించు ఐదో వంతు పోతుంది. సాదా స్ప్రింగు వేస్ట్‌గేట్ ఉన్న కారు సంగతేమిటి? ఆ స్ప్రింగుకు తెలిసింది లోపలి, బయటి పీడనాల తేడా మాత్రమే. అర బార్ తేడా వస్తే తలుపు తీస్తుంది. కోల్‌కతాలో ఇంజనుకు అందే పరమ పీడనం 1.0 + 0.5, అంటే 1.5 బార్. డార్జిలింగ్‌లో 0.8 + 0.5, అంటే 1.3 బార్. బూస్టు మీటరు రెండు చోట్లా అదే అర బార్ చూపిస్తుంది. కానీ గాలి 13 శాతం తగ్గింది.

‘అయితే అక్కడ బూస్టు పెంచితే సరి’ అంటారా? 0.8 నుంచి 1.5కి చేరాలంటే కంప్రెసరు గాలిని 1.88 రెట్లు ఒత్తాలి. కోల్‌కతాలో 1.5 రెట్లు ఒత్తితే చాలు. అంటే చక్రాలు మరింత వేగంగా తిరగాలి, గాలి మరింత వేడెక్కుతుంది. అందుకే నేటి కార్లలో కంప్యూటరు బయటి పీడనాన్ని, గాలి ఉష్ణోగ్రతను, నాకింగును అన్నిటినీ చూసి, ఎంతవరకు పెంచవచ్చో లెక్క కట్టి వేస్ట్‌గేట్‌ను నడుపుతుంది. కొన్ని కార్లలో డబ్బా, పొర పోయి చిన్న విద్యుత్ మోటారే తలుపును కదుపుతోంది.

ఇందులో నాకొక అసంతృప్తి కూడా ఉంది. స్ప్రింగూ పొరా ఉన్న కాలంలో కుర్రవాడు బానెట్ ఎత్తి, కడ్డీ కదలడం కళ్ళారా చూసి, ఋణ పునర్నివేశం అంటే ఏమిటో నేర్చుకోగలిగేవాడు. ఇప్పుడు ఆ తర్కమంతా మూసిన పెట్టెలోని ప్రోగ్రాములో ఉంది. యంత్రం తెలివైనదైంది, కానీ మూగదైంది.

కళ్ళేనికి అబద్ధం చెప్పడం

‘బూస్టు ఎంత?’ అన్న ప్రశ్న ఎక్కడికి దారితీస్తుందో ఇప్పుడు చూడండి. వేస్ట్‌గేట్ డబ్బాకు వెళ్ళే సన్నని గొట్టంలో ఒక చిన్న కవాటం పెట్టి, కొంత గాలిని బయటికి కారేలా చేస్తారు. కంప్రెసరు దగ్గర 0.8 బార్ ఉన్నా డబ్బాకు 0.5 మాత్రమే చేరుతుంది. అది ఇంకా హద్దు రాలేదనుకొని తలుపు మూసే ఉంచుతుంది. కవాటం ఖరీదు తక్కువ. బిగించటానికి అరగంట చాలు. తొలిరోజు కారు నిజంగానే పరుగెత్తుతుంది.

ఇక్కడ జరిగింది ఏమిటి? ఇంజను బలపడలేదు. పిస్టను మారలేదు, ఇంటర్‌కూలర్ పెద్దది కాలేదు, పెట్రోలు మెరుగుపడలేదు. కాపలాదారుకు అబద్ధం చెప్పాం, అంతే. జనవరి ఉదయం ఆ అబద్ధం చెల్లవచ్చు. మే మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఇంటర్‌కూలర్ మీద గాలి ఆడనప్పుడు, ఫ్లైఓవర్ ఎక్కుతూ పెడల్ తొక్కితే అదే అబద్ధం పిస్టను మీద పడుతుంది. కంప్యూటరు ప్రోగ్రామునే మార్చే పద్ధతి పైకి శాస్త్రీయంగా కనబడుతుంది. మార్చినవారు పొగ వేడిని, నాకింగును కొలిచి, భాగాలను అందుకు తగ్గట్టు మార్చి చేస్తే అది ఇంజనీరింగు. అంకె పెంచి డబ్బు తీసుకొంటే అది కూడా పాత కవాటమే, వేషం మారింది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. తయారీదారు ధ్రువీకరించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పొగలోని కాలుష్యం లెక్కలన్నీ అసలు కళ్ళెం ఉన్న ఇంజను మీద కొలిచినవే. కళ్ళెం తెంపితే ఆ ధ్రువపత్రానికి అర్థం ఉండదు. వెనక సైకిలు మీద వచ్చేవాడు పీల్చే గాలి కూడా ఈ లెక్కలో భాగమే.

మీలో కొందరు రేపు ఇంజనీర్లు అవుతారు. ఏ యంత్రాన్నైనా చూసినప్పుడు అది ఎంత చెయ్యగలదో అడగండి. వెంటనే, ఎక్కడ ఆగుతుందో, ఎవరు ఆపుతారో, ఆపేవాడికి నిజం ఎలా తెలుస్తుందో కూడా అడగండి. కార్వేర్ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పింది. జెట్‌ఫైర్ రెండో ప్రశ్న దగ్గర తప్పింది. మూడో ప్రశ్నకు జవాబు సాబ్ సెన్సరుతో దొరికింది.

చివరగా మీకొక లెక్క. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పీడనం దాదాపు 0.95 బార్. అర బార్ స్ప్రింగు ఉన్న టర్బో కారు అక్కడ ఏ పరమ పీడనం ఇస్తుంది? కోల్‌కతాలో ఇచ్చే 1.5 బార్ అక్కడా ఇవ్వాలంటే కంప్రెసరు గాలిని ఎన్ని రెట్లు ఒత్తాలి? జవాబు రాబట్టి, మీ ఊరి ఎత్తు తెలుసుకొని దానికీ కట్టి చూడండి.